పచ్చ లేబుల్ కటింగ్ వీల్స్ వాడకండి, వెనక్కి తెచ్చేయండి

శ్రావణ మాసం నుంచి దసరా దాకా విజయవాడ ఆటోనగర్‌లోని మా షాపులో ఇనుము కోసే నాలుగంగుళాల కటింగ్ వీల్స్ కొన్నవాళ్లందరికీ ఈ మాట. పచ్చ లేబుల్, మధ్యలో ఇనుప రింగు మీద ఎక్స్‌పైరీ డేటు 07/2026 అని అచ్చు. అలాంటిది మీ గ్రైండర్‌కి బిగించి ఉంటే ముందు ప్లగ్గు పీకి దాన్ని విప్పేయండి. మిగతాది తర్వాత చదవచ్చు.

పోయిన వారం పోరంకిలో రేలింగ్ పని చేస్తున్న మన కుర్రాడి చేతిలో ఆ వీల్ పగిలిపోయింది. కొత్తది బిగించి రెండో పైపు కోస్తున్నాడు. పెద్ద ముక్క గార్డుకు, అంటే వీల్ మీద అడ్డంగా ఉండే రేకుకు, కొట్టుకుని ఆగింది. చిన్నది కుడి ముంజేయి చీల్చుకుంటూ పోయింది. ఆరు కుట్లు పడ్డాయి. వేళ్లు బాగానే ఆడుతున్నాయి, దేవుడి దయ. సాయంత్రం వాళ్ల మేస్త్రీ ఆ గార్డు తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. లోపలి వైపు బొటనవేలు పట్టేంత సొట్ట. "అన్నా, ఇది లేకపోతే వాడి మొహం పోయేది" అన్నాడు, అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

పక్క షాపుల వాళ్లు "కుర్రాడు వీల్‌ని పక్కకి వంచి ఉంటాడులే" అన్నారు. నిజం చెప్తున్నాను, ఆ రాత్రి నాకూ అదే నమ్మాలనిపించింది. పొద్దున్నే వెళ్లి మిగిలిన పెట్టెలు విప్పాను. అట్టపెట్టె కొత్తది. లోపలి వీల్స్ రింగు అంచున సన్నగా తుప్పు. లేబుల్ కాగితం తడిసి ఆరినట్టు అలలు అలలుగా ఉంది. రింగు లోపల వేలు పెట్టి తిప్పితే గోధుమరంగు పొడి అంటింది. ఆ మట్టి నాకు తెలుసు. మా ఇల్లు సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చి వదిలిపోయిన మట్టి బీరువా కీళ్లలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. నాన్న హయాం నుంచి ఆయన దగ్గరే సరుకు. బాబాయ్ అనే పిలుస్తాను. మొదట కాదన్నాడు. తర్వాత "గోడౌన్‌లో నీళ్లొచ్చిన మాట నిజమే, ఎండబెట్టాం కదరా, డేటు ఇంకా ఉంది కదా" అన్నాడు. డేటు ఉంది. నేను మోసపోయిందీ అక్కడే. ఎక్స్‌పైరీ చూసుకున్నాను, వీల్‌కి నాలుగు రూపాయలు తక్కువ అన్నాడని ఇరవై పెట్టెలు దించుకున్నాను. ఒక్క వీల్ తీసి వెలుతురులో తిప్పి చూడలేదు. ఇరవై రెండేళ్లుగా కౌంటరు మీద కూర్చుంటున్నవాణ్ణి, చూడాల్సింది.

తడిస్తే ఏమవుతుందని అడిగేవాళ్ల కోసం చెప్తున్నాను. కటింగ్ వీల్ అంటే రాపిడి గింజల్ని రెసిన్‌తో అతికించి, నడుమ ఫైబర్ వల వేసి నొక్కింది. అన్నింటినీ పట్టి ఉంచేది ఆ రెసినే. చెమ్మ పడితే దాని పట్టు పోతుంది. ఎండబెడితే వీల్ ఆరుతుంది కానీ పట్టు తిరిగి రాదు. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే వీల్ అంచు గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతోందన్నమాట. ఊడిన ముక్క కూడా అదే వేగంతో వస్తుంది. డేటు మూడేళ్లే వేసేది కూడా ఈ రెసిన్ పాతబడుతుందనే.

నా దగ్గర పదకొండు పెట్టెలు మిగిలాయి, ఐదొందల యాభై వీల్స్. బాబాయ్ "తిరిగి పంపించెయ్, డబ్బు ఖాతాలో వేస్తా" అన్నాడు. రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. పంపిస్తే నా డబ్బు నాకొస్తుంది. ఆ సరుకు మాత్రం ఇంకో కొత్త పెట్టెలో తెనాలికో గుంటూరుకో వెళ్తుంది. పంపకపోతే పదివేలు పోవడం ఒక్కటే కాదు, ఆయనిచ్చే అరవై రోజుల అరువు కూడా పోతుంది. బ్రష్‌లు, ఆర్మేచర్లు, బేరింగులు అన్నీ ఆ అరువు మీదే నడుస్తున్నాయి. మా ఆవిడ ఒకటే అడిగింది: "తెనాలిలో ఎవరిదో చెయ్యి తెగితే నీకు తెలుస్తుందా?" తెలియదు. అదే నన్ను పట్టుకుంది.

మూడో రోజు షాపు ముందే కూర్చుని ఐదొందల యాభై వీల్స్ ఒక్కొక్కటీ సుత్తితో పగలగొట్టాను. కొన్ని రెండో దెబ్బ కూడా అడగలేదు. బాబాయ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. పండక్కి పంచె పెట్టిన మనిషి. బాధగా ఉంది, కానీ నేను చేసింది తప్పని మాత్రం అనుకోను. ఇక మీదట నగదుకే తెస్తాను. వీల్‌కి మూడు నాలుగు రూపాయలు ఎక్కువ పడుతుంది. పక్క షాపులో తక్కువకి దొరికితే అక్కడే తీసుకోండి, నేను ఏమీ అనుకోను. కాకపోతే రింగు మీద తుప్పు, లేబుల్ మీద అలలు చూసి మరీ తీసుకోండి.

అద్దె మిషన్ల సంగతి. గార్డు విప్పేసి తెచ్చినవాళ్లకి ఇకపై మళ్లీ మిషన్ ఇవ్వను, ఎంత పాత ఖాతా అయినా సరే. ఈ వారంలోనే ఇద్దర్ని వెనక్కి పంపాను, అందులో ఒకాయన నాన్న స్నేహితుడు. "గార్డుంటే మూలల్లోకి పోదు" అంటారు. పోకపోతే హ్యాక్‌సా బ్లేడు వాడండి, నేనే ఇస్తాను. కళ్లజోడు వేరు, గాగుల్స్ వేరు. అద్దెతో పాటు గాగుల్స్ నేనే ఇస్తున్నాను, డబ్బులొద్దు. కొత్త వీల్ ఏదైనా సరే, బిగించాక వీల్‌కి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడి, ఎవరూ ముందు లేకుండా ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. పగిలేది ఎక్కువగా అప్పుడే పగులుతుంది. కటింగ్ వీల్ పక్క భాగంతో వెల్డింగ్ గరుకు అరగదీయకండి, దానికి లావు వీల్ వేరే ఉంది.

ఆ కుర్రాడి ఆస్పత్రి ఖర్చు, పనికి పోలేని రోజుల కూలి నేనే ఇస్తున్నాను. వాళ్లమ్మ మొదట వద్దంది, నేను వినలేదు.

మొత్తం నాలుగొందల యాభై దాకా మీకు అమ్మాను, వాటిలో ఇప్పటికి నూట పన్నెండే వెనక్కి వచ్చాయి. సగం అరిగినా, విరిగిన ముక్కయినా తెండి, బదులు కొత్తది ఇస్తాను. బిల్లు అక్కర్లేదు. కానూరు, పెనమలూరు, తాడేపల్లి సైట్లలో ఉండి రాలేనివాళ్లు ఒక ఫోన్ కొట్టండి, సాయంత్రం నేనే బండి మీద వస్తాను. ఈ రెండు ఆదివారాలూ మధ్యాహ్నం రెండు దాకా షాపు తీసే ఉంటుంది.