సీనియర్లకు గేటు దగ్గర ఒక బల్ల వేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న సోమవారం మా కాలేజీ గేటు దగ్గర ఒక తల్లీ కొడుకూ బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నారు. ఉరవకొండ వైపు పల్లె నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చారట. ఆమె చేతిలో బట్టల షాపు కవరు, అందులో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం, అన్నీ ఒరిజినల్సే, ఒక్కదానికీ జిరాక్స్ లేదు. "ఏం కావాలమ్మా" అని నేను దగ్గరికి పోతే ఆ పిల్లోడు రెండడుగులు వెనక్కి జరిగాడు. సీనియర్లతో మాట్లాడొద్దని ఇంట్లో చెప్పి పంపారంట.

ఆ భయం తప్పని నేననను. ర్యాగింగ్ మీద మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది, 2009లో యూజీసీ (దేశంలో యూనివర్సిటీలను, కాలేజీలను చూసే సంస్థ) నిబంధనలు వచ్చాయి, 1800-180-5522 నంబరు ప్రతి కాలేజీ గోడ మీదా ఉంది. ఉండాల్సిందే. కానీ అవే 2009 నిబంధనల్లో, కొత్త పిల్లలకూ సీనియర్లకూ మధ్య మంచి పరిచయం పెరిగేలా చూడడానికి కమిటీలు వేయాలని, వాటిలో కొందరు సీనియర్ విద్యార్థులు కూడా ఉండాలని రాసి ఉంది. అనంతపురంలో నేను చూసినంతవరకు పోస్టరు అంటించడం జరిగింది గానీ ఈ ముక్క ఎవరికీ పట్టలేదు.

దానివల్ల ఏం పోయిందంటారా, నా సంగతే చెబుతాను. మొదటి సంవత్సరం స్కాలర్‌షిప్ డబ్బు పడలేదు. బ్యాంకుకు పోతే ఆధార్ లింకయ్యే ఉంది, సచివాలయంలో అడగమన్నారు, అక్కడికి పోతే కాలేజీలో అడగమన్నారు, కాలేజీ ఆఫీసులో మళ్ళీ బ్యాంకుకే పొమ్మన్నారు, ఇట్లా తిరిగిన రోజులన్నీ క్లాసులు పోయి చివరికి హాజరు 75 శాతం కంటే కిందికి దిగి పరీక్ష రాయనిస్తారో లేదోనని ఇంకో టెన్షన్. ఒకరోజు ఉగ్గాణి తింటుంటే పక్క బెంచీలో ఉన్న ఫైనలియర్ అన్న ఒక్క మాటలో తేల్చాడు: "లింకైతే చాలదప్పా, ఎన్‌పీసీఐలో ఏ ఖాతా మ్యాప్ అయిందో చూసుకో." ఎన్‌పీసీఐ అంటే, ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో రాసిపెట్టుకునే సంస్థ. చూస్తే మా నాయన ఎప్పుడో నా పేరు మీద తెరిచి మర్చిపోయిన పాత ఖాతా! ఆ మాట జూన్‌లోనే ఎవరైనా చెప్పుంటే ఇంత తిరుగుడు ఉండేదా?

ఒరిజినల్స్ సంగతి ఇంకా ఘోరం. మా చిన్నాన్న కూతురికి వేరేచోట సీటొస్తే, అప్పటికే చేరిన ప్రైవేటు కాలేజీ వాళ్ళు మూడేళ్ళ ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కూర్చున్నారు. ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని, కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆమె క్లాసులో సీనియర్లందరికీ తెలుసు. అడగడానికే భయపడింది.

ఇక ఇంగ్లీషు. డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయ్యాక, ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలు మొదటి నెలంతా తలొంచుకుని కూర్చుంటున్నారు. మేమూ అట్లే కూర్చున్నాం. పాత ప్రశ్నపత్రాలు ముందే తెచ్చుకోండి, అర్థం కానిది తెలుగులోనే అడగండి, చాలామంది సార్లు ఏమీ అనుకోరు. ఇది చెప్పడానికి ప్రొఫెసర్ అక్కర్లేదు.

1916 నాటి ఆర్ట్స్ కాలేజీ, 1946 నాటి ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న ఊరు మాది, పల్లెల నుంచి పిల్లలు రావడం ఇక్కడ కొత్తేం కాదు. అయినా ఇప్పటికీ మొదటి రోజంటే సభ, శాలువాలు, రెండు గంటల ఉపన్యాసం, అయిపోయాక బస్‌పాస్‌కు బోనఫైడ్ (ఈ కాలేజీలోనే చదువుతున్నట్టు ఇచ్చే కాగితం) ఎవరిస్తారో తెలియక వరండాలో తిరగడం. ప్రిన్సిపాళ్ళకు నా మనవి ఒకటే. అడ్మిషన్లు జరిగే పది పదిహేను రోజులు గేటు దగ్గర ఒక బల్ల వేసి, నలుగురు సీనియర్లను, అందులో ఇద్దరు అమ్మాయిలను, ఐడీ కార్డులతో కూర్చోబెట్టండి. పక్కన ఒక లెక్చరర్ ఉంటే తల్లిదండ్రులకూ ధైర్యం. మా కాలేజీలో అయితే టెంటు కూడా అక్కర్లేదు, గేటు పక్కనే పెద్ద వేపచెట్టు ఉంది.

— డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థి, అనంతపురం