ఆరోగ్య అధికారి గారికి బహిరంగ లేఖ: తిండి ఒక్కటే సరిపోదండీ

అధికారి గారూ, నమస్కారం.

పిల్లలు బరువు పెరగట్లేదంటే ప్రతిసారీ తల్లుల్నే కూర్చోబెట్టి ఏం పెట్టాలో చెప్పి పంపిస్తున్నారు, అది తప్పని అనట్లేదు, కానీ ఆ పిల్లలు తాగే నీళ్లు ఎలా ఉన్నాయో ఎవరూ అడగట్లేదు. మా పక్కింటి బాబుకి నెలలో రెండుసార్లు విరేచనాలు, తగ్గి నాలుగు ముద్దలు తినడం మొదలెట్టేసరికి మళ్లీ మొదటికొస్తుంది, వాడి మొలతాడు ఎప్పటికప్పుడు వదులైపోతోంది. మురికి నీళ్లు, కడగని చేతుల వల్ల పేగు లోపలి పొర మాటిమాటికీ దెబ్బతింటే తిన్నది ఒంటికి పట్టదండీ, నులిపురుగులు కూడా తోడైతే రక్తహీనత వస్తుంది. ఇంక ఎంత పెట్టినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

పెద్దవాళ్ల సంగతీ అంతే. రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సరే, ఎక్కడ నడవాలి? ఫుట్‌పాత్ లేదు, రోడ్డెక్కితే పొగ, చీకటి పడితే లైట్లు వెలగవు, ఇంక ఆడవాళ్లు ఇంట్లోనే ఉండిపోతున్నారు. ప్యాకెట్ తిండిలో ఉప్పెంతుందో ఆ చీమ తలకాయంత అక్షరాల్లో ఎవరికి కనిపిస్తుంది? బీపీ వచ్చాక మాత్రలిస్తున్నారు, సంతోషం, కానీ అంతదాకా రానివ్వడం ఎందుకు?

ముందు కుళాయి నీళ్లు టెస్ట్ చేయించి ఆ రిపోర్ట్ అందరికీ కనిపించేలా అతికించండి. పిల్లల్ని తూచే రోజే నులిపురుగుల మందు వేశారో లేదో చూడండి. రోడ్ల అధికారుల్ని, నీళ్ల అధికారుల్ని మీ మీటింగ్‌కి పిలవండి, మమ్మల్నీ పిలవండి, తప్పకుండా వస్తాం.