రెండో బంతిలో నా పక్కన కూర్చున్న అక్కకి

అక్కా, మీ పేరు కూడా అడగలేదు. మొన్న ఎం.వి.పి. కాలనీలో పెళ్లి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నారు, ఆకుపచ్చ చీరలో. మీకు చాలా థ్యాంక్స్.

బరువు తగ్గడానికి నాకు స్లీవ్ ఆపరేషన్ అయింది. అందులో జీర్ణాశయంలో ముప్పాతిక భాగం తీసేస్తారని ఎవరికైనా చెప్పగలను. కానీ విస్తరి ముందు కూర్చున్నాక, "ఇంకో బూరె వెయ్యండి" అంటూ మా పెద్దత్తయ్య వడ్డించేవాళ్లని ఎగదోస్తుంటే ఏం చెప్పను? పెళ్లిలో తినకపోతే అలిగినట్టే లెక్క. మీరు నా విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "ఆవిడ సంగతి నేను చూసుకుంటాలెండి" అన్నారు. అంతే, ఇంకెవరూ అడగలేదు.

తర్వాత మెల్లిగా చెప్పారు, మీకూ అదే ఆపరేషన్ అయిందని. ముందు పప్పు, పనీర్; అన్నం చివర్లో. ముద్ద గోరంత, మెత్తగా నమిలి. మంచినీళ్లు తిన్న అరగంటకి. ఇవన్నీ డైటీషియన్ ఇచ్చిన కాగితంలో ఉన్నవే. ఆకలి లేకపోయినా తినాలనిపించడం, తినలేక ఏడుపు రావడం మాత్రం ఏ కాగితంలోనూ లేవు. పులిహోర వాసనకి నా కళ్లలో నీళ్లు తిరిగితే మీరు నవ్వలేదు. "పులిహోర ఎక్కడికీ పోదు, నాలుగు మెతుకులు రుచి చూడండి" అన్నారు. చూశాను. ఇంగువ కాస్త ఎక్కువైంది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఇంట్లో నాకు చిన్న గిన్నె, టీ చెంచా. వంజరం పులుసు చేస్తే నాకు ఒక్క ముక్క చాలు, మిగతావన్నీ మా ఆయనే లాగిస్తున్నారు. పొద్దున్నే ఆర్.కె. బీచ్‌లో నడుస్తానన్నారు కదా, నేనూ వస్తున్నాను. కనిపిస్తే పలకరించండి.