కోరంగి మడ అడవిలో పక్షులను చూపించే గైడ్లు కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

కాకినాడ నుంచి యానాం వెళ్లే రహదారి పక్కన, చొల్లంగిపేట వద్ద మడ అడవిలోకి వేసిన చెక్కల వంతెన గోదావరి జిల్లాల వారికి కొత్త కాదు. ఆదివారాలలోను, కార్తీక మాసపు సెలవులలోను వచ్చే జనం వంతెన మీద ఫొటోలు దిగి, వీలైతే పడవ ఎక్కి, భోజనాల వేళకు ఇళ్లకు బయలుదేరుతున్నారు. వారిలో చాలామంది కొంగను, కాకిని తప్ప మరో పక్షిని గుర్తుపట్టకుండానే వెళుతున్నారు. 1978లో అభయారణ్యమై, 235 చదరపు కిలోమీటర్లు మించి విస్తరించిన అడవిలో పక్షులకు కొదవ లేదు. వాటిని చూపించే మనిషి పక్కన లేకపోవడమే లోటు. వలస పక్షులు దిగే అక్టోబరు నాటికైనా, స్థానిక గ్రామాల గైడ్ల వెంట చిన్న చిన్న బృందాలుగా సాగే పక్షివీక్షణ నడకలను మొదలుపెట్టాలని అటవీశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మడ అడవిలో పక్షి కనబడడం పోటుపాట్ల మీద, అంటే సముద్రపు నీరు ఎక్కడం, తీయడం మీద ఆధారపడి ఉంటుంది. నీరు పాటుకు తీసి బురద మేటలు బయటపడినప్పుడు, సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి వచ్చిన ఉల్లంకుల వంటి పొడవు ముక్కు పక్షులు అక్కడ వాలి పురుగులను, గుల్లలను ఏరుకు తింటాయి. పోటు ఎక్కగానే ఇసుక తిన్నెల మీదికి చేరి, మళ్లీ నీరు తీసేదాకా కదలకుండా విశ్రమిస్తాయి. ఎండ ముదిరాక, పోటు నిండుగా ఉన్న సమయంలో టికెట్టు కొని లోపలికి వెళ్లిన కుటుంబానికి ఆకులు, నీళ్లు తప్ప మరేమీ కనబడకపోతే అది వారి తప్పు కాదు. ఈ లెక్క తెలిసినవారు మాత్రం ఆ చుట్టుపక్కలే ఉన్నారు. బలుసుతిప్ప, భైరవపాలెం, గాడిమొగ గ్రామాల మత్స్యకారులు తిథిని బట్టి ఏ పాయలో ఎప్పుడు నీరు తిరుగుతుందో నోటిమీదే చెబుతారు; వల ఎక్కడ వేయాలో తెలియడానికి పక్షులు ఎక్కడ వాలుతున్నాయో గమనించడం వారికి చిన్ననాటి నుంచి అలవాటు.

గత శీతాకాలంలో అలాంటి కుటుంబానికి చెందిన ఒక యువకుడు నాతో వంతెన మీద నడుస్తూ హఠాత్తుగా ఆగి, “మాస్టారూ, కదలకండి. ఆ తిల్ల కొమ్మ కింద, నీటికి మూరెడు ఎత్తున చూడండి” అన్నాడు. నల్లని తల, తెల్లని మెడపట్టీ, ముదురు నీలం వీపు, ఎర్రని ముక్కు గల లకుముకి ఒకటి అక్కడ కూర్చుని ఉంది. ప్రపంచవ్యాప్తంగా సంఖ్య తగ్గిపోతున్నందువల్ల ముప్పులో ఉన్నట్టు గుర్తించిన నల్లతల లకుముకి అది. చూస్తుండగానే బురద మీదికి దూకి, ఎండ్రపీతను పట్టి, కొమ్మకేసి డెక్కలు రాలిపోయేదాకా బాది మింగింది. అదే సమయంలో సెల్‌ఫోనులో పాట పెట్టుకుని మా వెనుక నుంచే నడిచిపోయిన కుటుంబం దానిని చూడనే లేదు. ఇద్దరు పిల్లలను చేతులు పట్టుకుని తీసుకువెళుతున్న ఆ తల్లిదండ్రులకు ఎవరైనా చూపించి ఉంటే పాట వారే కట్టేసి ఉండేవారు.

స్థానికులు గైడ్లుగా నిలదొక్కుకున్న చోట్లు లోకంలో లేకపోలేదు. క్రికెట్ పుణ్యమా అని మనకు పేరు తెలిసిన ట్రినిడాడ్ అండ్ టొబాగో దేశంలోని చిన్న ద్వీపం టొబాగోలో మెయిన్ రిడ్జ్ అనే కొండ అడవి ఉంది. చెట్లకూ వానలకూ సంబంధం ఉందన్న శాస్త్రవేత్త స్టీఫెన్ హేల్స్ మాటను పట్టుకుని సోమ్ జెనిన్స్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఏళ్ల తరబడి పట్టుబట్టగా, వానల కోసం ఆ అడవిని నరకకుండా కాపాడాలని 1776 ఏప్రిల్ 13న చట్టం చేశారు. బానిసల చెమటతో చెరకు పండించుకున్న దొరల అవసరమే అందులోనూ ఉందన్నది వేరే సంగతి. 1963లో ఫ్లోరా తుఫాను ఆ అడవిని చిందరవందర చేశాక, తోక తెల్లగా ఉండే ఒక జాతి హమ్మింగ్ పక్షి ద్వీపం నుంచి పోయిందనే అనుకున్నారు. 1974లో అది మళ్లీ కనబడింది. నేడు గిల్పిన్ ట్రేస్ అనే కాలిబాటలో స్థానిక గైడ్ల వెంట నడిచేవారు చూడగోరే పక్షులలో అది ముఖ్యమైనది. 1996 నవంబరు తుఫానును చూసిన మనకు ఇందులో అర్థం కానిదేమీ లేదు.

జనం పెరిగితే పక్షులు బెదిరిపోవా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. తిరుగు ప్రయాణానికి ముందు వేల కిలోమీటర్లకు సరిపడా కొవ్వు కూడబెట్టుకోవలసిన పక్షిని తినేవేళ లేపడం దాని కడుపు కొట్టడమే. కాని జనం ఇప్పటికే వస్తున్నారు, అదుపు లేకుండా వస్తున్నారు. ఎనిమిది, పది మందికి మించని బృందం, ముందు నడిచే గైడు, చప్పుడు చేస్తే వెనక్కి పంపే అధికారం ఉంటే ఇప్పటికంటే బెదురు తగ్గుతుంది. ఫోనులో రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని పిలవడం, ఫొటో కోసం ఇసుక తిన్నెల మీద దిగడం పూర్తిగా నిషేధించాలి. కాకినాడలో కుంభాభిషేకం అనే తీరప్రాంతం వద్ద బురద మేటల మీద వాలే ఇండియన్ స్కిమ్మర్ల వంటి అరుదైన పక్షులను దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తే చాలు. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవుగా ఉండి, ఎగురుతూనే దానితో నీటిని కోసుకుంటూ చేపలు పట్టే ఆ పక్షిని చూడడానికి దగ్గరకు పోనవసరం లేదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే నెలలలో హోప్ ఐలాండ్ జోలికి అసలు పోకూడదు.

శిక్షణకు పెద్ద ఖర్చు ఉండదు. ప్రతి జనవరిలో జరిగే నీటిపక్షుల గణనలో నిపుణుల పక్కన ఈ గ్రామాల యువతీయువకులను కూర్చోబెడితే సగం పాఠం అక్కడే పూర్తవుతుంది. యువతులను కూడా కలిపి చెప్పడం ఊరికే కాదు. బురదలో పీతలు, గుల్లలు ఏరే ఆడవారికి ఆ మేటల సంగతి మగవారికంటే తక్కువేమీ తెలియదు. అభయారణ్యం నిబంధనల వల్ల తమ వేటకు అడ్డంకులే తప్ప లాభం లేదని అనుకుంటున్న ఆ కుటుంబాలకు, నడకకు ఇంత అని రుసుము నిర్ణయించి అదే రోజు చేతికి అందిస్తే అడవి మీద చూపు మారుతుంది. సూళ్లూరుపేట వద్ద జరిగే ఫ్లెమింగో పండుగ వంటివి మంచివే గాని, వేదికలు, ఉపన్యాసాలు ముగిశాక మిగతా కాలమంతా అక్కడివారికి పని ఉండదు.

మొదట వారానికి రెండు నడకలు చాలు. వాటికి వచ్చేవారిని తెల్లవారేసరికి లోపలికి అనుమతించాలి. పది బైనాక్యులర్లు అద్దెకు ఉంచాలి. కాకినాడ రేవు పోటుపాట్ల పట్టిక ముందుగానే దొరుకుతుంది కనుక, దానిని బట్టి నెల నెలా నడకల వేళలు నిర్ణయించి గేటు వద్ద బోర్డు మీద రాయించవచ్చు. అటవీశాఖ ఆ పట్టికను పంపితే మీ జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కూడా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
తాళ్లరేవు.