బెయిలొచ్చింది, మరి పిల్లాడేడి?

చిట్టితల్లీ,

ఆదివారం ఫోన్లో నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నువ్వేమో కోపంగా ఉన్నావు, నేనేమో మధ్యలో నవ్వాను. ఆ నవ్వు నీ మీద కాదు. ముప్ఫై ఏళ్ళుగా ప్లీడరు గుమాస్తాగా ఊరందరి పిటిషన్లూ టైపు చేస్తున్నవాణ్ణి, సొంత మాట చెప్పాలన్నా ఎదురుగా కాగితం ఉంటేనే వస్తుంది. అందుకే రాస్తున్నాను.

"సామాజిక న్యాయం అంటే మా లా కాలేజీలో వ్యాసరచన పోటీ టాపిక్ నాన్నా" అన్నావు. పోటీకి రాస్తారు, సర్టిఫికెట్ సీవీలో పెట్టుకుంటారు, మర్నాడు కార్పొరేట్ ఫర్ముల్లో ఇంటర్న్‌షిప్ కోసం మెయిళ్ళు కొడతారు అన్నావు. నీ రూమ్మేట్ సంగతి చెప్పేటప్పుడు నీ గొంతులో కాస్త చులకన వినిపించింది. ఆ పిల్లకు ఎడ్యుకేషన్ లోన్ ఉంది. ఐదేళ్ళయ్యేసరికి అది ఎంతకు చేరుతుందో రోజూ లెక్క వేసుకునే పిల్ల, ముందు జీతం గురించి ఆలోచిస్తే తప్పేముంది? మా ఆఫీసుకు వచ్చిన జూనియర్లలో పేదల కేసులంటూ గట్టిగా మాట్లాడినవాళ్ళు చాలామంది, తామున్న ఇంటికి అద్దె ఎవరు కడుతున్నారో తెలియనివాళ్ళే. ఆ విషయం వదిలెయ్.

నాకు నవ్వొచ్చింది నీ మూట్ కోర్టు దగ్గర, అదే మీ కాలేజీలో పెట్టే ఉత్తుత్తి కోర్టు. బెయిల్ మీద ప్రాబ్లమ్ ఇచ్చారు. నువ్వు రాజ్యాంగంలో వ్యక్తి స్వేచ్ఛ గురించి చెప్పే 21వ అధికరణం పట్టుకుని వాదించావు. జడ్జి కుర్చీలో కూర్చున్నాయన 'బెయిల్ గ్రాంటెడ్' అన్నాడు. అందరూ చప్పట్లు. అక్కడితో అయిపోయింది. మా దగ్గర పని అక్కడ మొదలవుతుంది తల్లీ.

పోయిన నెల ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు బిల్డింగుల దగ్గర కూలిపని చేస్తాడు, కరెంటు తీగల దొంగతనం కేసులో రిమాండు. మా ప్లీడరుగారు లీగల్ ఎయిడ్ ప్యానెల్లో ఉన్నారు కాబట్టి కేసు కట్ట మా దగ్గరికి వచ్చింది. బెయిల్ ఇచ్చారు. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఆస్తి కాగితాలు చూపాలి అని ఆర్డరు. నేను బయటికొచ్చి "బెయిలొచ్చిందమ్మా" అన్నాను. ఆవిడ నా భుజం మీంచి కోర్టు హాలు తలుపు వైపు చూసింది. కాసేపు అలాగే చూసి, "మరి పిల్లాడేడి బాబూ?" అంది.

తర్వాత ఆవిడ తిరిగిన తిరుగుడు చూడాల్సింది. మొదట తమ్ముణ్ణి తీసుకొచ్చింది. ఇంటి పన్ను రసీదులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. కాగితాలు వెనక్కి వచ్చాయి. పేరు సరిచేయించుకుని వచ్చేసరికి వారం గడిచింది. రెండో జామీనుకు కొడుకు పనిచేసే చోట మేస్త్రీని అడిగింది. "కోర్టు మెట్లెక్కే పని మాత్రం చెప్పకు" అన్నాడట. కోర్టు ఆవరణలో డబ్బు తీసుకుని జామీనుకు నిలబడేవాళ్ళు ఉంటారు. నీ పుస్తకాల్లో వాళ్ళ గురించి పెద్దగా ఉండదు. అలాంటివాడొకడు ఆవిడ పక్కన చేరితే నేనే వెళ్ళి అదిలించాను. అదిలించానే గానీ వేరే దారేదైనా చూపించానా అంటే, ఆ రోజుకి లేదు.

మోతీరామ్ కేసు నీకు తెలిసే ఉంటుంది, 1978. ఏ పేజీలో ఏముందో నువ్వు నాకంటే బాగా చెబుతావు. నాకు గుర్తున్నది ఒక్కటే, అతను తాపీ మేస్త్రీ. సుప్రీంకోర్టే బెయిల్ ఇమ్మంది. కింద మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగాడు. తోడబుట్టినవాడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. పాపం, మళ్ళీ సుప్రీంకోర్టుకే వెళ్ళాల్సి వచ్చింది. ఆ తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఒకచోట, తెలుగువాణ్ణి తీసుకెళ్ళి బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తిపాస్తులున్న జామీనుదారును ఎక్కణ్ణుంచి తెస్తాడని నిలదీస్తారు. మా సార్ ఆ పేజీ చూపిస్తే జిరాక్స్ తీసి పెట్టుకున్నాను. తెలుగువాడి మాట వచ్చిందని సంబరం, అంతే.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్ళీ అదే గొడవ మీద ఆదేశాలు ఇచ్చింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోపు పూచీకత్తు సమర్పించలేకపోతే, షరతులు సడలించాలేమో కోర్టే తనంతట తాను చూడవచ్చు. స్థానికులే జామీనుండాలని పట్టుబట్టడం వల్ల కూడా విడుదలలు ఆగిపోతున్నాయని అందులోనే ఉంది. మోతీరామ్‌కీ దీనికీ మధ్య దాదాపు 45 ఏళ్ళు. చట్టం లేదని, తీర్పు లేదని ఎవరూ అనలేరు. ఏడో రోజు వచ్చిందని లెక్కపెట్టే మనిషే లేడు.

మా కుర్రాడి విషయంలో నాకు ఇది 12వ రోజున తట్టింది. షరతు సడలించమని పిటిషన్ టైపు చేసి, ఈ ఆదేశం కాపీ జతచేసి సార్ చేత సంతకం పెట్టించాను. 19వ రోజున జామీనుదారులు అక్కర్లేకుండా సొంత పూచీకత్తు మీద వదిలారు. 12వ రోజు దాకా నీకెందుకు తట్టలేదు అని అడుగుతావు. బల్ల మీద వేరే కట్టలున్నాయి. ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5.73 లక్షల మంది ఉంటే, అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే అని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. నీ ప్రాజెక్టులో ఈ అంకె ఎక్కడో ఒకచోట పెట్టే ఉంటావు. పెట్టేటప్పుడు ఆ పెద్దావిడ నా భుజం మీంచి చూసిన చూపు కూడా గుర్తుంచుకో.

నీ సీనియర్ చెప్పిన వనువాటు పిల్లల కథ నాకు బాగా నచ్చింది. నువ్వు చెప్పాక నేనూ చదివాను. 2019లో అక్కడి యూనివర్సిటీలో 27 మంది లా విద్యార్థులు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానం చేతే చెప్పించాలని క్లాసులో అనుకున్నారు. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 130కి పైగా దేశాల మద్దతుతో ఆ తీర్మానం చేసింది. 2025 జులై 23న ద హేగ్‌లో కోర్టు అభిప్రాయం వచ్చింది. మీ సీనియర్ దీన్ని చూపించి, ఒక్క పెద్ద పిల్, అంటే ప్రజాప్రయోజన వ్యాజ్యం, వేస్తే లోకం మారిపోతుంది అంటున్నాడు. గుమాస్తా కంటికి కనపడేది వేరే. అనుకున్న రోజుకీ ఆ తీర్మానానికీ మధ్య నాలుగేళ్ళు. ఒక్కో ప్రభుత్వానికి ఉత్తరం రాసి, జవాబు రాకపోతే మళ్ళీ రాసి, ఆ కట్ట విప్పిపోకుండా ఎవరో పట్టుకుని ఉండాలి కదా. అలాంటివాళ్ళు మీ బ్యాచ్‌లో ఎవరో చూసి పెట్టుకో. మైకు ముందు కనపడరు.

ఇక లా ప్రవేశపరీక్ష ర్యాంకు సంగతి. మీ క్లాసులో ఆ అమ్మాయిని మొదటి వారంలోనే "క్లాట్‌లో నీ ర్యాంకెంత" అని అడిగారన్నావు. ర్యాంకు అడిగితే కులం చెప్పించుకున్నట్టే అని అడిగినవాడికీ తెలుసు, నీకూ తెలుసు. ఆ పిల్ల అబద్ధపు ర్యాంకు చెప్పిందన్నావు. నువ్వు పక్కనే ఉండి ఊరుకున్నావు. నువ్వు రెండుసార్లు అదే చెప్పావు కాబట్టి నిన్నది కుదురుగా ఉండనివ్వడం లేదని అర్థమైంది. నాకు ఆ ప్రశ్నా, "ఇక్కడ నీకెవరున్నారు" అని మా దగ్గర అడిగే ప్రశ్నా ఒక్కలాగే వినిపిస్తాయి. నిన్ను నమ్మాలంటే పూచీ ఎవరు అని. నాన్న జడ్జి, మావయ్య సీనియర్ అడ్వకేట్, చిన్నప్పటినుంచి ఇంట్లో ఇంగ్లీషు, ఇవన్నీ జామీన్లే. కొందరు పిల్లలు ఇద్దరేసి జామీనుదారులతో క్యాంపస్‌కి వస్తారు. కొందరు సొంత పూచీకత్తు మీద వస్తారు. ఆ అమ్మాయి అలా వచ్చింది. నువ్వూ అలాగే వచ్చావనుకో, కాకపోతే నిన్ను ఎవరూ అడగలేదు.

ఈసారి అడిగితే, "ఎందుకు అడుగుతున్నావు?" అని ఒక్క మాట అను. అరవక్కర్లేదు. క్రాస్‌లో సాక్షిని అడిగినట్టు మామూలు గొంతుతో అడిగి, జవాబు వచ్చేదాకా ఆగు. సమాన అవకాశాల విభాగం ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధనలు పెట్టింది. మీ దగ్గర ఆ గది ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని ఆ అమ్మాయికి చెప్పు. వెళ్ళాలో వద్దో తన ఇష్టం.

మీ లీగల్ ఎయిడ్ క్లినిక్ అంటే బ్యానరు, ఫొటో అన్నావు. ప్రతి లా కాలేజీలో అలాంటి కేంద్రం ఉండాలని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి కొన్నిచోట్ల మొక్కుబడిగానే నడుపుతారు. అయినా ఆ బ్యానరునే వాడుకో. లా విద్యార్థులు పారాలీగల్ వాలంటీర్లుగా చేరొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ అనుమతితో జైలుకు వెళ్ళే వీలు దొరికితే, వెళ్ళగానే ఏ సెక్షన్ అని అడక్కు. బెయిల్ వచ్చిందా, వస్తే ఏ తేదీన, జామీనుకు ఎవరున్నారు, ఇవి అడుగు. ఒక నోటుబుక్కులో గళ్ళు గీసి రాసుకో. ఏడు రోజులు దాటినవి ఎర్ర పెన్నుతో. లోపల ఎన్నాళ్ళయిందో రాయడానికి ఇంకో గడి గియ్యి, విచారణ ఖైదీల విడుదల గురించి చెప్పే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ కోసం. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడికి గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిస్తే విడుదల అడగొచ్చు, మిగతావాళ్ళకు సగం. మినహాయింపులు నీకు తెలుసు.

ఖాళీ జామీను అఫిడవిట్ ఒకటి కవర్లో పెడుతున్నాను. ఒకసారి పూర్తిగా నింపి చూడు. మూడో పేజీకి వచ్చేసరికి చిరాకొస్తుంది. చదువుకున్న నీకే అలా ఉంటే ఆవిడ సంగతి ఆలోచించు.

ఇంకొకటి. సంతకం కోసం స్కాలర్‌షిప్ ఫారం పంపావు కదా. తండ్రి వృత్తి గడిలో 'అడ్వకేట్' అని ఉంది. కోపం రాలేదులే. అది నింపేటప్పుడు నీ పక్కన ఎవరో కూర్చుని ఉంటారు. కానీ సరిగ్గా లేని కాగితం మీద సంతకం పెట్టించే అలవాటు నాకు లేదు, పెట్టే అలవాటూ లేదు. ప్లీడరు గుమాస్తాను ఇంగ్లీషులో అడ్వకేట్స్ క్లర్క్ అంటారు. మొదటి మాట నువ్వు ఎలాగూ రాసేశావు. పక్కన రెండో మాటకు చోటుంది, స్కేలు పెట్టి చూశాను. దిద్ది పంపు, గురువారం పోస్టుకి అందేలా సంతకం పెట్టి తిప్పి పంపుతాను.

మీ నాన్న