వెదురు సైకిళ్లు మన దగ్గరా తయారు కావాలి

సంపాదకులకు నమస్కారం.

వెదురు చట్రంతో సైకిల్ అంటే నేటి వింత కాదు. 1894లోనే లండన్ ప్రదర్శనలో దాన్ని చూపారు, ఘనాలో నేటికీ తయారు చేస్తున్నారు. మూడేళ్లు దాటిన ముదురు బొంగును కోసి, పురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి, నీడన నిదానంగా ఆరబెట్టాక, అతుకుల వద్ద నారను ఎపాక్సీ జిగురులో తడిపి పొరలు పొరలుగా బిగించి చుడతారు. ఆరీ ఆరని బొంగును వాడితే తర్వాత నెర్రెలిస్తుంది. గొలుసు, బ్రేకులు ఎలాగూ లోహానివే, ఆ జిగురు కూడా ఎక్కువగా పెట్రోలియం సరుకే కనుక, 'అంతా ప్రకృతి సిద్ధం' అని డప్పు కొట్టుకోవడం మాత్రం నాకు నచ్చదు.

మన శేషాచలం కొండల్లో పెరిగే సాధనపు వెదురు దళసరి గోడలు గలది, గట్టిది. 2017లో అటవీ చట్టాన్ని సవరించి అటవీయేతర భూముల్లోని వెదురును చెట్ల జాబితా నుంచి తొలగించారు కాబట్టి, అడవి జోలికి పోకుండానే రైతులు దాన్ని పొలం గట్లపై పెంచి అమ్ముకోవచ్చు. బొంగును చేత్తో తడిమి దాని ముదురుతనం చెప్పగల మేదరులు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఉన్నారు. ప్లాస్టిక్ బుట్టల దెబ్బకు వారి పని చితికిపోయింది. ఏర్పేడులోని తిరుపతి ఐఐటీ వారు ఈ చట్రాల బరువు మోసే శక్తిని, గుంతల రోడ్లపై మన్నికను పరీక్షించి, ఆ అతుకుల పనిని మేదరులకు నేర్పించాలని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, తిరుపతి