ఈ శివరాత్రికి నువ్వు రావాల్సిందే

కర్నూలు,
జనవరి 20, 2021

ఒరేయ్ మద్దిలేటీ,

ఫోన్‌లో చెప్తే సగం విని "సరే చూద్దాంలే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నా. బెంగళూరులో ఇల్లు కదలకుండా పని చేసీ చేసీ నీకు పొట్ట బాగా వచ్చిందంట గదా. చెల్లెమ్మ చెప్పిందని మీ చెల్లెలు నవ్వుకుంటా చెప్పింది. విషయం ఏమంటే, మార్చి 11న శివరాత్రి. కర్నూలు నుంచి శ్రీశైలానికి నడిచి పోతున్నా. నువ్వూ వస్తున్నావు.

నవ్వుకో. పొద్దున్నే పీట మీద కూర్చుంటే రాత్రి దాకా మోటార్లకు తీగ చుట్టుకుంటా ఉండేవాడు శ్రీశైలం నడుస్తాడా అని. మా ఇంట్లో కూడా మొదట ఇట్లనే నవ్వినారు.

ఆగస్టులో నాకు కరోనా వచ్చి పోయిందని తెలుసు గదా. పెద్దగా ఏం కాలేదు, జ్వరం, వాసన తెలియకపోవడం, అంతే. తగ్గినాకే అసలు సంగతి తెలిసింది. మిద్దె ఎక్కాలంటే మధ్యలో ఆగాల్సి వచ్చేది. డాక్టరు వేలికి ఆక్సీమీటరు పెట్టి, వరండాలో ఆరు నిమిషాలు నడిపించి చూసినాడు. ఆక్సిజన్ పడిపోలేదు. "రోజూ కొంచెం కొంచెం నడువు, ఆయాసం వస్తే ఆగు, ఎవరితోనూ పందెం వద్దు" అన్నాడు. సరే అని మిద్దె మీదే మొదలుపెట్టినా. పాతబస్తీ మిద్దెలు ఎంతుంటాయి, నాలుగు అంగలేస్తే పిట్టగోడ. ఎప్పుడూ ఒకే పక్కకు తిరుగుతుంటే మోకాలు పట్టేస్తుంది. అందుకని కాసేపు ఇటు, కాసేపు అటు. పక్క మిద్దె మీద వడియాలు పెట్టుకునే అవ్వ కొన్నాళ్లు ఊరికే చూసి, ఒకరోజు ఉండబట్టలేక అడిగింది, "ఏం నాయనా, ఏం పోగొట్టుకున్నావు? నేను కూడా వెతకల్నా?" అని.

తర్వాత కె.సి. కాలువ కట్టకు మారినా. చిన్నప్పుడు మనం ఈత కొట్టిన కాలువే, కానీ నడిచేటప్పుడు దాని పొడుగు తెలుస్తుందిరా. సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్ల పైనే. 1860లలో ఇంగ్లీషోళ్ల కంపెనీ తవ్వించింది, పొలాలకు నీళ్లతో పాటు పడవలు కూడా నడిపి లాభాలు చేసుకుందామని. లాభం రాక 1882లో సర్కారుకు అమ్ముకొని పోయినారు. ఇప్పుడా కట్ట మీద నేను, బర్రెలు, మాస్కు గడ్డం కింద పెట్టుకొని బీపీ తగ్గించుకునే పెద్దమనుషులు. మాస్కు సంగతి చెప్పాలంటే, బజారు దాటేదాకా పెట్టుకుంటా, కట్ట మీద మనుషులు లేని చోట తీసి జేబులో వేసుకుంటా. అది మూతికి కట్టుకొని గట్టు ఎక్కితే చెమటకు తడిసి ముక్కుకు అతుక్కుంటుంది, గాలి ఆడదు.

గట్టంటే జగన్నాథగట్టు. ఎక్కుడు దిగుడు అలవాటు కావాలంటే కర్నూల్లో అంతకన్నా మంచి చోటు లేదు. పైన రూపాల సంగమేశ్వరుని గుడి ఉంది గదా, శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి కట్టినారు. శ్రీశైలం పోవడానికి ఆ గుడి దగ్గర ప్రాక్టీసు చేయడం నాకు భలే నచ్చింది. ఎక్కడం కాదురా కష్టం, దిగడం. బూటు ముందు భాగానికి వేళ్లు గుద్దుకొని గోళ్లు నల్లబడతాయి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి, దిగే ముందు లేసు చీలమండ దగ్గర బిగించాలి. బూట్లు సాయంత్రం పూట కొనుక్కో, అప్పటికి పాదాలు ఉబ్బి ఉంటాయి, ఒక వేలు సందు ఉండేట్టు చూసుకో. పూర్తి కాటన్ సాక్సులు వద్దు, చెమట పట్టి బొబ్బలు లేస్తాయి. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది మనూరి కానిస్టేబుల్ ఒకాయన. బందోబస్తు డ్యూటీల్లో నిలబడి నిలబడి పాదాల శాస్త్రం చదివేసినాడు.

ఇప్పుడు ముఖ్యమైనది చెప్తా, బుర్రకెక్కించుకో. ఒక రోజు ఎంత దూరం నడిచినావన్నది లెక్క కాదు. మరుసటి రోజు పొద్దున లేచి, నొప్పి కాళ్లతో మళ్లీ నడవగలవా అన్నదే లెక్క. ఆదివారం నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం చెరువు దాకా పోయి రావడం గొప్పేం కాదు, ఎవడైనా పోతాడు. సోమవారం పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. అందుకని నేను శని, ఆదివారాలు రెండూ నడుస్తున్నా, రెండో రోజు తక్కువ దూరమైనా సరే. కొత్తగా చుట్టిన మోటారును వార్నిష్ ఆరకముందే ఫుల్ లోడ్ మీద పెడతామా? ముందు ఖాళీగా తిప్పి, వేడి చూసి, తర్వాతే గదా నీళ్లలోకి దించేది. నీ ఒళ్లూ అంతే. ఇవాళ్టి నుంచే మొదలుపెట్టు, లిఫ్టు మానేసి మెట్లెక్కు.

తిండికి కొత్తగా ఏం చేయలేదు. ఎండు జొన్నరొట్టెలు, బుడ్డల కారం, బెల్లం. కన్నడ భక్తులు తరతరాలుగా మోసుకొచ్చేది అదే గదా, చెడిపోదు, బరువుండదు. బ్యాగులో ఓఆర్ఎస్ పొట్లాలు కూడా వేసినా. ఉగ్గాని తిని నడక మొదలుపెట్టవద్దు, మిరపకాయ బజ్జీతో అయితే అసలే వద్దు. తిరిగొచ్చినాక తినొచ్చు. నేను అందుకే తిరిగొస్తున్నానని మీ చెల్లెలు అంటుంది.

ఒక్కోసారి నడుస్తుంటే పోయిన మే నెల గుర్తొస్తుందిరా. హైవే మీద బెంగళూరు దిక్కు నుంచి మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లల్ని చంకనేసుకొని ఉత్తరాదికి నడిచిపోయినారే, వాళ్లు. మనోళ్లు పడిన కష్టమూ తక్కువేం కాదు. కోసిగి, మంత్రాలయం పక్క నుంచి మిరప కోతలకని గుంటూరు దిక్కు సుగ్గికి పోయి లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకున్నారు. మా షాపులో పనిచేసే పిల్లోని అమ్మానాన్న కూడా వాళ్లలో ఉన్నారు. ఆ పిల్లోని ముందు నేను "ట్రైనింగ్" అనే మాట అనను. నడకకు పోతున్నా అంటా, అంతే.

దారి సంగతి. మొదటి రోజు నందికొట్కూరు, రెండో రోజు ఆత్మకూరు, అంతా కలిపి సుమారు 70 కిలోమీటర్లు, తారు రోడ్డు, ఎండ. తెల్లారకముందే బయల్దేరి పదింటికల్లా ఏ చెట్టు కిందనో చేరాలి. అక్కడి నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. అడవి, రాళ్లు, 40 కిలోమీటర్లకు పైనే. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి, నేను జగన్నాథగట్టు దగ్గర పడే పాట్లన్నీ దాని కోసమే. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డికి దండం పెట్టుకోవాలి, ఆరేడు వందల ఏళ్లైనా జనం ఆయన పేరు చెప్పుకుంటూనే ఉన్నారు. అది పులుల అభయారణ్యం కాబట్టి ఆ దారి శివరాత్రికి, ఉగాదికి తప్ప వదలరు. ఈసారి కరోనా వల్ల వదులుతారో లేదో ఇంకా తేలలేదు. వదలకపోతే ఆత్మకూరు దాకా నడిచి బస్సెక్కుదాం, మల్లన్న ఏమనుకోడులే.

ఉగాదికి పోదామంటావేమో, వద్దు. అప్పటికి ఎండలు ముదురుతాయి. ఆ ఎండలో బాగల్‌కోట, రాయచూరు దిక్కుల నుంచి కన్నడోళ్లు ఎట్ల నడుస్తారో, అందులో కొందరు మరగాళ్ల మీద, అదే పొడుగు కర్రకాళ్ల మీద! భ్రమరాంబ వాళ్లింటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు, పుట్టింటోళ్లు రాకుంటే ఎట్ల అంటారు. పోయినేడు ఉగాది మార్చి 25న పడింది, సరిగ్గా దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. ప్రతి ఏడూ మన వీధిలో వాళ్లకు మజ్జిగ పోసేవాళ్లం, పోయినేడు కుండలు ఇంట్లోనే ఉండిపోయినాయి.

ఇంకొకటి. మన వీధి గుంపును ఏటా నడిపించే పెద్దాయన సెప్టెంబరులో పోయినాడు. నీకు అప్పుడు చెప్పలేకపోయినా, దగ్గరికి పోయి చూసే వీలు కూడా లేదు. నాగలూటి దాటినాక నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఎవరిని ముందు నడిపించాలో, ఎవరిని వెనక పెట్టాలో అంతా ఆయనకే తెలుసు. ఇప్పుడు కుర్రోళ్లు నన్ను అడుగుతున్నారు, "అన్నా, నువ్వు ముందుంటావా" అని. ముందుంటా గానీ, వెనక నిదానంగా వచ్చేవాళ్లతో ఒకడుండాలి గదా. వాళ్లను తిట్టకుండా, కథలు చెప్పి నడిపించేవాడు. చిన్నప్పటి నుంచి అందరికన్నా వెనక నడిచి, నోరు మాత్రం మూయనిది నువ్వే.

ఈ నెల 16 నుంచి టీకాలు మొదలైనాయి, ముందు ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లకు. మన దాకా శివరాత్రి లోపల రాదు. కాబట్టి గుంపు చిన్నదిగానే, జ్వరం దగ్గు ఉన్నవాళ్లు ఇంట్లోనే అని ముందే చెప్పేసినా.

ఫిబ్రవరిలో ఒక శనివారం రా, రెండు రోజులు కలిసి నడిచి చూద్దాం. శనివారం బ్రాహ్మణకొట్కూరు దాకా, ఆదివారం గట్టు. నీ బూటు సైజు రాయి, ఇక్కడ తీసుకోవాలా, అక్కడే కొంటావా చెప్పు. సాక్సులు మాత్రం బెంగళూరులో మంచివి దొరికితే నాకు రెండు జతలు తీసుకురా, డబ్బులిస్తాలే. మీ నాన్న టార్చి లైటు, ఆ మూడు సెల్లులది, పనిచేస్తుంటే అది కూడా పట్టుకురా. పనిచేయకుంటే కూడా తీసుకురా, బాగు చేసి పెడతా. చెల్లెమ్మను, పిల్లల్ని అడిగినానని చెప్పు.

నీ
ఈరన్న